డాక్టరమ్మ గీసిన రెండో బొమ్మ

ఆ ఏడు చలి మొదలైన వారంలోనే మా ముందుగదిలో పదకొండు ఉన్ని కోట్లు వచ్చి చేరాయి. ఏటా అంతే. చలి తగలగానే జనం పెట్టెలు తెరుస్తారు. చిమ్మెటలు కొట్టిన చిల్లులు అప్పుడే కంటపడతాయి. అందరూ ఒకేసారి మా గుమ్మం ఎక్కుతారు.

నాన్నది రఫూ పని. అదే బట్టకి లోపలివైపు, పైకి కనపడని మడతలోంచి పోగులు లాగి, చిల్లు మీద ఒక్కొక్కటే అడ్డంగా, నిలువుగా సూదితో అల్లుకుంటూ పూడుస్తాడు. పూర్తయ్యాక చిల్లు ఎక్కడుండేదో కోటు సొంతదారు కూడా చెప్పలేడు. కొత్త దారం వాడొచ్చు కదా అని ఎవరైనా అంటే, "రంగు కలుస్తుంది సార్, వయసు కలవదు" అనేవాడు.

పదకొండు కోట్లూ నెల తిరక్కుండా తిరిగి వెళ్ళిపోవాల్సినవి. ఆ సంవత్సరం మాత్రం మూడు వారాలైనా ఏడు కోట్లు ఇంకా కొక్కేలకే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా దారం పంటితో తెంపి, కొసని నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించిన మనిషి, కత్తెర కోసం తడుముకోవడం మొదలుపెట్టాడు. "ఈమధ్య దారాలు చేదుగా వస్తున్నాయే" అన్నాడు. నేను నమ్మాను. జావ కూడా ఒక పక్కనుంచే మింగుతున్నాడని గమనించాక, నోరు తెరవమన్నాను.

"నేనేమైనా ఎద్దునా, పళ్ళు చూసి బేరమాడతావు?"

"నాన్నా, తెరువు."

తెరిచాడు. నాలుక ఎడమ అంచున మొదలై, నాలుక కిందికి దిగిన పుండు. చుట్టూ తెల్లటి గట్టు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, కోట్ల వైపు చూసి, "పోయిన చలికాలం కోట్లు తిరిగిచ్చాక" అన్నాడు.

మా ఇంట్లో ఉండేది నాన్నా, నేనూ. అమ్మ లేదు. అన్నయ్య ఓడరేవులో క్రేన్ నడుపుతాడు, ఒక రోజంతా ప్రయాణం చేస్తే గానీ రాలేడు. నేను భూమి రికార్డుల ఆఫీసులో గుమస్తాని. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. దాంతో ఇంటికొచ్చిన ప్రతి కాగితం నా చేతికే వచ్చేది. కరెంటు ఆఫీసు నోటీసయినా, అత్తయ్య పింఛను ఫారమయినా, నాన్న కళ్ళద్దాల చీటీ అయినా సరే. పరీక్ష పాసయిన రోజు నుంచి నాన్న నన్ను పేరుతో పిలవడం మానేశాడు. "ఏమే డిగ్రీ, ఇదేదో వచ్చింది చూడు" అనేవాడు. చూసేదాన్ని. రెండు ముక్కల్లో చెప్పేదాన్ని. ఆయన తలూపేవాడు.

ముక్క తీసి పంపిన పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. ఆ మాట కూడా నేనే చెప్పాను. నాన్న సూదిలోకి చూస్తూ, "మిగతా ఏడు కోట్లకీ టైముందా?" అన్నాడు.

*

సర్జన్ నలభై దాటిన ఆవిడ. కుర్చీలో కూర్చోకుండా టేబుల్ అంచుకి ఆనుకుని మాట్లాడుతుంది. నాన్నని గుండె పరీక్షకి, ఆ తర్వాత మెట్లెక్కించి ఊపిరి చూడటానికి నర్సు తీసుకెళ్ళింది. గదిలో నేనూ, ఆవిడా మిగిలాం.

"నాన్నగారికి డెబ్బై రెండు కదూ?"

"డెబ్బై మూడు మేడమ్."

"నాలుక దాదాపు సగం తియ్యాలి. కింద కూడా కొంత. మెడలో గడ్డలూ తీసేస్తాం. తియ్యడం ఒక ఎత్తు, తీసిన చోటు పూడ్చడం ఇంకో ఎత్తు. దానికి రెండు దార్లున్నాయి. ఆయన్ని రానివ్వండి, ఇద్దరికీ కలిపి చెప్తాను."

"నాకు చెప్పండి మేడమ్. ఆయనకి నేను చెప్తేనే అర్థమవుతుంది."

ఆ మాట అన్నది నేనే. ఆవిడ అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాక్యం నా గొంతులోనే వినిపిస్తుంది.

ఆవిడ తెల్లకాగితం లాక్కుని ఒక మనిషి బొమ్మ గీసింది. ఛాతీ మీద ఒక ముక్క గుర్తు పెట్టింది. "ఇక్కడి కండని, పైన చర్మంతో సహా, దాని రక్తనాళం తెగకుండా మెడ చర్మం కిందుగా నోట్లోకి తిప్పుతాం. మొత్తం అయిదారు గంటలు. నమ్మకమైన పద్ధతి, పెద్ద వయసు వాళ్ళకి ఎక్కువగా ఇదే చేస్తారు. కాకపోతే దళసరిగా ఉంటుంది, నాలుక తేలిగ్గా తిరగదు. మాట ముద్దగా వస్తుంది."

ఇంకో కాగితం తీసి, ఈసారి చెయ్యి మాత్రం గీసింది. "ఇది ముంజేతి చర్మం. పల్చన, మెత్తన. దీన్ని రక్తనాళాలతో సహా పూర్తిగా వేరు చేసి, మెడలో ఉన్న నాళాలకి మైక్రోస్కోపు కింద కుడతాం. మిగిలిన నాలుక బాగా కదులుతుంది, మాట చాలావరకు తెలుస్తుంది. కానీ తొమ్మిది పది గంటలు పడుతుంది. మొదటి మూడు రోజులు గంట గంటకీ చూసుకుంటూ ఉండాలి. రక్తం ఆడకపోతే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాలి. ఒక్కోసారి ఆ ముక్క నిలవకపోవచ్చు."

"ఈ వయసులో పది గంటలంటే..."

"వయసొక్కటే చూసి చెప్పం అమ్మా. గుండె, ఊపిరి, నడక చూస్తాం. వినండి." తలుపు అవతల నాన్న మెట్లు దిగుతూ నర్సుతో ఏదో అంటున్నాడు, ఆ అమ్మాయి నవ్వుతోంది. "రెండూ తట్టుకోగలరనే నా అంచనా. రెండూ ఆయనకి చెప్పండి, ఏది కావాలో ఆయన ఆలోచించుకోవాలి. సోమవారం రండి."

రెండు కాగితాలూ మడిచి నా చేతిలో పెట్టింది.

బస్సులో కిటికీ పక్క సీటు నాన్నకిచ్చాను. రెండు స్టాపులు దాటాయి. తర్వాత, "ఏమందే డాక్టరమ్మ?" అన్నాడు.

సంచిలో చెయ్యి పెట్టాను. రెండు కాగితాలూ వేళ్ళకి తగిలాయి. ఛాతీ బొమ్మ ఉన్నదే బయటికి తీశాను.

నాన్న దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది నేనా? నాకింత మెడ ఎక్కడిదే?"

ఎక్కణ్ణుంచి ఏం తీస్తారో చెప్పాను. అయిదారు గంటలని చెప్పాను. మాట ముద్దగా వస్తుందని కూడా చెప్పాను. అంతవరకూ అబద్ధమేమీ లేదు.

"ఇంకో దారేమీ లేదటనా?"

"లేదు నాన్నా."

"సరే మరి" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకన్నానో తెలియదని రాస్తే అది ఇంకో అబద్ధం. ఆఫీసులో నేను రోజూ చేసేది అదే. ఆరు పేజీల ఉత్తర్వు చదివి, కౌంటర్ అవతలి మనిషికి "మీ దరఖాస్తు ఒప్పుకోలేదండీ, ఇంతే" అని ఒక్క ముక్కలో చెప్తాను. అప్పీలుకి వెళ్ళే దారి అయిదో పేజీలో ఉంటుంది. వాళ్ళు అడగరు, నేను చెప్పను, క్యూ కదులుతుంది. ఆ బస్సులో నాకు వినపడింది పది గంటలు అన్న మాటొక్కటే. ఆ పది గంటల తర్వాత తలుపు తెరుచుకుని ఎవరో బయటికొచ్చి తల అడ్డంగా ఊపితే, సాయంత్రం ఆఫీసు నుంచి ఏ ఇంటికి వెళ్ళాలి? మాట సరిగా రాకపోయినా ఫర్వాలేదు, మనిషి ఉంటే చాలనుకున్నాను. ఎవరి మాట, ఎవరికి ఫర్వాలేదు అని అనుకోలేదు.

అన్నయ్య ఫోన్ చేస్తే అతనికీ ఒక్క దారే చెప్పాను.

"నువ్వు చూసుకుంటున్నావు కదా చెల్లీ, నాకింక బెంగ లేదు" అన్నాడు. వెనకాల క్రేన్ చప్పుడు. "నువ్వు చదువుకున్నదానివి. మేమైతే డాక్టర్ల ముందు నోరు కూడా మెదపలేం."

ఫోన్ పెట్టేశాను. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను, "నీకెలా ఉంది?" అని అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో.

*

శనివారం నాడు, రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన కోటు తెచ్చాడు. ముదురు గోధుమరంగుది, జేబు మీద నిప్పురవ్వ పడి కాలింది. నేను లోపల గిన్నెలు తోముతున్నాను. ముందుగదికీ వంటగదికీ మధ్య తలుపు లేదు, ఒక తెర మాత్రమే.

నాన్న కోటుని తిరగేస్తున్న చప్పుడు. "ఇదిగో సార్, ఇలా రండి. పోగులు ఇక్కణ్ణుంచి తీస్తాను, చంక కింది మడతలోంచి. తీశాక ఇక్కడ కాస్త పల్చబడుతుంది. లేదంటే కింది అంచు నుంచి తీస్తాను, అప్పుడు కోటు పొడవు ఒక వేలు తగ్గుతుంది. ఏది చెయ్యమంటారు?"

"అబ్బ, ఎక్కణ్ణుంచో ఒకచోట నుంచి తియ్యవయ్యా. నాకవన్నీ ఎందుకు చెప్తావు? చిల్లు పోతే చాలు."

"అలా కుదర్దు సార్. కోటు మీది. రేపెప్పుడో లోపల చూసుకుని, ఇక్కడేమైంది అనుకోకూడదు."

"నలభై ఏళ్ళ నుంచి ఇలాగే ప్రాణం తీస్తున్నావయ్యా జనాన్ని."

"అందుకే గదా సార్ నలభై ఏళ్ళ నుంచి వస్తున్నారు."

పోస్టుమాస్టరు నవ్వాడు. చివరికి చంక కింద అన్నాడు. నేను కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను. ఆయన వెళ్ళాక టీ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాను. నాన్న భూతద్దం కన్నుకి పెట్టుకుని, తల ఎత్తకుండానే, "ఏమే డిగ్రీ, ఇంకా ఏదైనా ఉందా?" అన్నాడు.

"ఏం ఉంటుంది?"

"ఏమో. వచ్చి నిలబడ్డావు కదా అని."

"టీ చల్లారిపోతుంది" అన్నాను. ఆదివారం కూడా అలాగే గడిచింది.

*

సోమవారం డాక్టరమ్మ నాన్న ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నాకు ముందే తెలియాల్సింది, ఆవిడ ఆయన్నే అడుగుతుందని.

"ఏం పెద్దాయనా, ఆలోచించుకున్నారా? ఛాతీ నుంచా, చెయ్యి నుంచా?"

గోడకి ఉన్న ఫ్యాను తిరుగుతోంది. నాన్న నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను నేల వైపు చూస్తున్నాను, అయినా చూడలేదని తెలిసింది.

"చెయ్యి సంగతి మా అమ్మాయి చెప్పిందమ్మా. నా బుర్రకే సరిగ్గా ఎక్కలేదు. మీరోసారి చెబుతారా?"

ఆవిడ మళ్ళీ బొమ్మ గీసింది. ఈసారి నాన్న ముందు. ఆయన మధ్యలో ఆపి ఆపి అడిగాడు. చేతి మీద ఖాళీ అయిన చోట ఏం వేస్తారు? తొడ నుంచి పల్చటి చర్మం. ఆ తొడ సంగతో? అది మానిపోతుంది. కుట్టే సూది ఎంత సన్నం? ఆవిడ చెప్పింది. నాన్న కళ్ళు పెద్దవి చేసి, "నాకొకటి ఇప్పించరాదూ" అన్నాడు. ఆవిడ నవ్వి, ఆయన ఎడమచెయ్యి తీసుకుని, పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు పక్కలా నొక్కిపట్టింది. పిడికిలి తెరిస్తే అరచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఒక పక్క వేలు వదలగానే మెల్లగా ఎర్రబడుతూ వచ్చింది. ముగ్గురం ఆ చేతినే చూస్తున్నాం.

"బాగుంది. ఒక నాళం తీసేసినా రెండోది చేతిని చూసుకుంటుంది."

"వేళ్ళు ఎప్పటిలా ఆడతాయా అమ్మా?"

"ఆడతాయి. కొన్నాళ్ళు బిగుసుకున్నట్టు ఉంటుంది. బొటనవేలి వెనకవైపు తిమ్మిరి ఉండిపోవచ్చు. చాలామందికి తేడా తెలియదు. మీ పనికి తెలుస్తుందా అంటే, తెలియదని మాటివ్వలేను."

నాన్న ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు తడిమి చూసుకున్నాడు. బయట ఎవరి నంబరో పిలిచారు, ఎవరో లేచి వెళ్ళారు.

"సూది పట్టుకునేది కుడిచెయ్యేగానీ, బట్ట మాట్లాడేది దీంతోనేనమ్మా" అన్నాడు. "పోగు ఎక్కడ ఊడిందో ఇది చెప్తేనే అది కుడుతుంది. నా మాట ముద్దగా వస్తే కోట్లకొచ్చిన నష్టం ఏమీ లేదు. ఛాతీ నుంచే తియ్యండి."

నేను చెప్పిందే. చెయ్యి బొమ్మని నా సంచిలో దాచకపోయినా ఆయన ఎంచుకునేది అదేనన్నమాట. నా గుండె మీద బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు.

తిరుగు బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ, "నేను అదే అంటానని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలీదు నాన్నా."

"మరి?"

"భయమేసింది."

"నాకు వెయ్యదనుకున్నావా?"

అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా.

*

ఆపరేషన్ ఆరున్నర గంటలు పట్టింది. అన్నయ్య వచ్చాడు, రెండు రోజులున్నాడు, నాన్న పాదాలు పట్టుకుని ఏడ్చాడు, వెళ్ళిపోయాడు. నాన్న ముక్కులో గొట్టం, మెడ నిండా కుట్లు. ఛాతీ మీద కట్టు. మాట్లాడటానికి పలక ఇచ్చారు.

నాన్న చదువు మూడో తరగతి. అక్షరం మీద వేలు పెట్టి, లోపల్లోపల కూడబలుక్కుని చదువుతాడు. నాలుగో రోజు నర్సు ఏదో కాగితం తెచ్చి అలవాటుగా నాకు అందించబోయింది. నాన్న మంచం మీంచి చెయ్యి చాపాడు. ఆ పిల్ల నా మొహం చూసింది. నేను పక్కకి తప్పుకున్నాను. ఏడెనిమిది పంక్తులు ఉంటాయేమో, గొట్టంలో ఎప్పుడు ఏం పోయాలో రాసిన కాగితం. నాన్న ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నర్సు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద సైకిళ్ళ షెడ్డు కనిపిస్తోంది. సైకిళ్ళు లెక్కపెట్టాను. ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. ఏదో పొడుగు మాట. నన్ను పిలుస్తాడనుకున్నాను. పక్క మంచం మీది వడ్రంగి వైపు కాగితం తిప్పి, ఆ మాట చూపించాడు.

"అది 'గోరువెచ్చని' అండీ" అన్నాడు వడ్రంగి.

ఇంటికొచ్చాక చలి ముదిరింది. నాన్న మెడకి శాలువా చుట్టుకుని, కోట్ల దగ్గర మళ్ళీ కూర్చున్నాడు. ఎడమచేతి బొటనవేలు బట్ట మీద మునుపటిలాగే నడిచేది. మాట మాత్రం, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి వచ్చేది. పది రోజుల్లో నాకు పూర్తిగా అర్థం కావడం మొదలైంది. వచ్చినవాళ్ళకి అర్థమయ్యేది కాదు. వాళ్ళు నా వైపు చూసేవాళ్ళు. నేను నోరు తెరిచేలోపే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, కోటు తిరగేసి, వేలితో చూపించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. వాళ్ళకి తెలిసేదాకా.

సాయంత్రాలు కష్టంగా ఉండేవి. అంతకుముందు నేను చెప్పులు విప్పేలోపే ఆ రోజు ఏ కోటు వాళ్ళు ఏమన్నారో అంతా చెప్పేసేవాడు. ఇప్పుడు దీపం కింద భూతద్దం, గడియారం చప్పుడు. నన్ను "డిగ్రీ" అని పిలవడం లేదు. ఆ అక్షరాలు ఆయన నాలుకకి అందడం లేదా, పిలవాలని లేదా, నాకు తెలియదు. ఏదన్నా కావాలంటే బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. నేను వెళ్ళేదాన్ని.

*

చలికాలం వెనకపట్టు పట్టిన వారంలో తీసిన ముక్కల రిపోర్టు వచ్చింది. మెడలో ఒక గడ్డలో క్యాన్సర్ కనపడిందని, ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకునే సంగతి మాట్లాడాలని డాక్టరమ్మ కబురు పెట్టింది. రిపోర్టు కవరు నాన్న జేబులో ఉంది. నేను అడగలేదు.

ఆస్పత్రిలో మా నంబరు పిలిచారు. ఇద్దరం లేచాం. తలుపు దగ్గర నాన్న ఆగి, బెంచీ వైపు చెయ్యి చూపించాడు. కోపంగా కాదు. కాస్త కూర్చోమ్మా అన్నట్టు.

కూర్చున్నాను. తలుపు పూర్తిగా పడలేదు, బెత్తెడు సందుంది.

ఆవిడ ఏదో చాలాసేపు చెప్పింది, సగం వినపడింది. ముప్ఫై సార్లు, నోరు ఎండిపోవడం, మింగడం కష్టం, ఈ వయసులో నీరసం. తర్వాత నాన్న అడిగాడు. "పెట్టించుకోకపోతే ఏమవుతుందమ్మా?"

నాకు మొదటిసారే అర్థమైంది. ఒక్కో అక్షరమూ. ఆయన తరఫున నేనే మాట్లాడి ఉంటే ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు.

"ఏమన్నారు పెద్దాయనా? మళ్ళీ చెప్పండి."

నాన్న మళ్ళీ అన్నాడు. ఈసారి గట్టిగా. గట్టిగా అంటే ఇంకా ముద్దయిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలియదు.

"తొందరేం లేదు. ఇంకోసారి."

బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. అయిదు అడుగులు వేసి, తలుపు తోసి, ఒక్క వాక్యం చెప్తే సరిపోతుంది. ఎదురు బెంచీ మీద ఒక పెద్దావిడ నన్నే చూస్తోంది. లోపల నాన్న మూడోసారి మొదలుపెట్టాడు, ఒక్కో మాటా విడదీసి, మధ్యలో ఉమ్మి మింగుకుంటూ. నేను కదల్లేదు.

"ఆఁ... పెట్టించుకోకపోతేనా?" అంది డాక్టరమ్మ. కుర్చీ దగ్గరికి లాగిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది. జవాబు నాకు వినపడలేదు.

నాన్న బయటికి వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. శాలువా సర్దుకున్నాడు. పదమని సైగ చేశాడు. బస్సులో కిటికీ సీటు నాకు వదిలి, ఇటువైపు కూర్చున్నాడు. రెండు స్టాపులు పోయాక, నాలుగో స్టాపు కూడా పోయాక, ఆయనే నా వైపు వంగాడు. బస్సు చప్పుడులో సరిగ్గా వినపడాలని నేనూ తల దగ్గరికి తెచ్చాను.

వచ్చే సోమవారం నుంచి మొదలు పెట్టించుకుంటానన్నాడు. వారానికి అయిదు రోజులట. నోరు ఎండితే నీళ్ళు చప్పరించాలట. పని మానక్కర్లేదట, ఓపిక ఉన్నంతసేపు చేసుకోవచ్చట. మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి, మధ్యలో ఆగి నాకు తెలిసిందో లేదో చూసుకుంటూ చెప్పాడు. తను మూడుసార్లు అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం అందులో లేదు.

"ఇంకేమన్నా అందా నాన్నా?"

నాన్న రోడ్డు వైపు తిరిగాడు.

"అంతే" అన్నాడు.

సరేనన్నాను.